నమ్మినవాడికి కత్తితో పనేమిటి?

డంకన్ రాజును చంపమని మంత్రగత్తెలు ఎక్కడా చెప్పలేదు. షేక్స్‌పియర్ ‘మాక్బెత్’ చదివినవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు, లెక్కలోకి తీసుకునేవాళ్ళు మాత్రం తక్కువ. యుద్ధం గెలిచి తిరిగొస్తున్న సేనాని మాక్బెత్‌కి బీడునేల మీద ముగ్గురు ఆడవాళ్ళు ఎదురవుతారు. గడ్డాలున్న ఆడవాళ్ళు. అతన్ని గ్లామిస్ సామంతుడిగా, కాడర్ సామంతుడిగా, ఇకముందు రాజు కాబోయేవాడిగా పలకరించి జేజేలు కొడతారు. అంతే. అందులో హత్య ఊసు లేదు, కత్తి ఊసు లేదు, సింహాసనం మీద కూర్చుని ఉన్న ముసలి రాజు ఊసు కూడా లేదు. నాటకం రెండో అంకంలోకి వచ్చేసరికి ఆ రాజు మాక్బెత్ ఇంట్లో, అతిథిగా పడుకున్న గదిలో, నెత్తుటి మడుగులో ఉంటాడు. విధి ఆడించిందని కొందరంటారు, అత్యాశ కొంప ముంచిందని కొందరంటారు, పెళ్ళాం మాట విని చెడ్డాడని ఇంకొందరంటారు. మూడింటికీ నాటకంలో ఆధారాలు దొరుకుతాయి. కానీ మూడూ ఒక చిన్న ప్రశ్నను దాటేసి పోతాయి. రాజువవుతావన్న మాటను మాక్బెత్ నిజంగా నమ్మి ఉంటే, కాళ్ళు బారజాపుకుని కూర్చున్నా కిరీటం రావాలి కదా! నమ్మినవాడికి కత్తితో పనేమిటి? జోస్యాన్ని నమ్మి హంతకుడైన మనిషి కథగా ఈ నాటకాన్ని చదవడం మనకు అలవాటైపోయింది. దాన్ని తిరగేసి చదవాలన్నదే ఈ వ్యాసం వాదన. మాక్బెత్ చేసిన, చేయించిన ప్రతి హత్యా జోస్యం మీద అతనికున్న అపనమ్మకానికే రుజువు.

ముందు ఆ జోస్యంలో సరుకెంతో చూద్దాం. గ్లామిస్ సామంతుడన్నది అసలు జోస్యమే కాదు; తండ్రి పోవడంతో ఆ పదవి అతనికి అప్పటికే వచ్చింది, ఆ మాట తనే అంటాడు. కాడర్ పేరు వినగానే మాత్రం తెల్లబోతాడు, ఎందుకంటే కాడర్ సామంతుడు నిక్షేపంగా బతికి ఉన్నాడని అతనికి తెలుసు. ప్రేక్షకుడి సంగతి వేరు. అంతకు ముందు రంగంలోనే, ఫోరెస్ దగ్గరి సైనిక శిబిరంలో, కాడర్ శత్రువుతో చేతులు కలిపాడని తెలిసి డంకన్ అతనికి మరణశిక్ష వేసేశాడు. ఆ బిరుదు మాక్బెత్‌కి ఇస్తున్నానని కబురు కూడా పంపించాడు. అంటే మంత్రగత్తెలు నోరు విప్పేటప్పటికే రాజాజ్ఞ దారిలో ఉంది. షేక్స్‌పియర్ తలుచుకుంటే ఈ రెండు రంగాలనీ అటూ ఇటూ చేసి, ముందు జోస్యం వినిపించి తర్వాత రాజాజ్ఞ చూపించి ఉండవచ్చు. అప్పుడు మనమూ మాక్బెత్‌తో పాటు నోరెళ్ళబెట్టేవాళ్ళం. అలా చేయలేదంటే, ఆ నోరెళ్ళబెట్టడం మనకు వద్దనుకున్నాడన్నమాట. మన వాకిట్లోకి వచ్చిన సోదెమ్మ జరిగిపోయినవి రెండు చెప్పి, మనం తలూపాక జరగబోయేది అందుకున్నట్టు, ఈ ముగ్గురూ ఒక పాత సంగతి, ఒక అయిపోయిన నిర్ణయం చెప్పి, మూడోదాన్ని వాటి సరసన కూర్చోబెట్టారు. పక్కనే ఉన్న తోటి సేనాని బాంక్వో ఈ కిటుకును అక్కడికక్కడే పట్టేస్తాడు. చీకటి శక్తులు చిల్లర విషయాల్లో నిజాలు చెప్పి, అసలు విషయం దగ్గర ముంచేస్తాయని స్నేహితుణ్ణి హెచ్చరిస్తాడు కూడా. ఆ హెచ్చరిక మాక్బెత్ చెవిన పడుతుంది గానీ లోపలికి పోదు.

మంత్రగత్తెలకు నిజంగా ఎంత శక్తి ఉందో అదే రంగం మొదట్లో ఒక చిన్న ముచ్చట తేల్చేస్తుంది. హడావిడిలో చాలామంది దీన్ని దాటిపోతారు. ఓ నావికుడి భార్య ఒడినిండా చెస్ట్‌నట్ కాయలు పోసుకుని నములుతుంటే ఒక మంత్రగత్తె తనకూ పెట్టమని అడిగిందట. ఆవిడ ఛీ పొమ్మందట. అందుకని అలెప్పో వెళ్ళిన ఆమె మొగుడి మీద కసి తీర్చుకుంటానని బయల్దేరుతుంది. గాలులన్నిటినీ వాడి ఓడ మీదికి తోలుతుందట, రాత్రీ పగలూ కంటిమీద కునుకు లేకుండా చేస్తుందట, వారాల తరబడి తిప్పలుపెట్టి చిక్కి శల్యం చేస్తుందట. ఆ వెంటనే తన హద్దు తనే ఒప్పుకుంటుంది. ఓడను అల్లల్లాడించగలదు గానీ ముంచలేదు. 1603లో ఇంగ్లండ్ గద్దెనెక్కి షేక్స్‌పియర్ నాటక బృందానికి పోషకుడైన జేమ్స్ రాజుకు ఇలాంటి కథలు కొత్తకాదు. స్కాట్లండ్ రాజుగా ఉండగా, డెన్మార్క్ నుంచి పెళ్ళికూతురితో తిరిగొస్తుంటే తన ఓడల మీదికి మంత్రగత్తెలు తుఫాను లేపారని నమ్మి, 1590–91 నాటి నార్త్ బెరిక్ విచారణల్లో నిందితులను స్వయంగా ప్రశ్నించిన మనిషి ఆయన. 1597లో దయ్యాల గురించి, చేతబడి గురించి ‘డెమనాలజీ’ అని ఏకంగా పుస్తకమే వేయించాడు. అలాంటి రాజు ఏలుబడిలో, 1606 ప్రాంతంలో రాసిన నాటకంలో మంత్రగత్తెలు ఉండటం వింత కాదు. వాళ్ళకు అంత స్పష్టంగా గీత గీయడమే వింత. నిద్ర చెడగొట్టగలరు, మనిషిని పీక్కుతినగలరు. ఓడ మునగాలంటే మాత్రం చుక్కాని పట్టినవాడి చెయ్యి కూడా కలవాలి.

ఆ చెయ్యి అప్పటికే కలిసి ఉందా? జోస్యం వినగానే మాక్బెత్ చేసిన మొదటి పని సంతోషించడం కాదు, ఉలిక్కిపడటం. ఇంత శుభవార్త విని భయపడతావేమిటని బాంక్వోయే అడుగుతాడు. కాడర్ బిరుదు నిజమని తేలిన కాసేపటికి మాక్బెత్ తనలో తను మాట్లాడుకుంటూ హత్య అన్న మాట ఎత్తుతాడు. అది అతని నోటి నుంచి వచ్చిన మాట, ఎవరూ అందించింది కాదు. తన బుర్రలోని ఊహను చూసి తనకే వెంట్రుకలు నిక్కబొడుచుకుంటున్నాయని చెప్పుకుంటాడు. అదే ఊపిరిలో, అదృష్టం నన్ను రాజును చేయదలుచుకుంటే నేను వేలు కదపకుండానే చేస్తుందిలే అనీ అనుకుంటాడు. నిజంగా నమ్మినవాడి తీరు ఇది. ఆ నమ్మకం ఒక్క రంగం కూడా నిలవదు. డంకన్ తన కొడుకు మాల్కమ్‌ను యువరాజుగా ప్రకటించగానే, ఇది నా దారికి అడ్డు, దూకాలి లేదా పడిపోవాలి అని లెక్కలు మొదలవుతాయి. వేలు కదపకుండా వచ్చే కిరీటానికి అడ్డేమిటి, దూకడమేమిటి? ఆ తర్వాత భార్య ఒక ముక్క బయటపెడుతుంది. అదను లేనప్పుడే, చోటు కుదరనప్పుడే ఈ పని చేస్తానని నువ్వే నాతో అన్నావు, అప్పుడు మగాడివి అంటుంది. ఆ మాట ఎప్పుడు అన్నాడో నాటకంలో కనబడదు. జోస్యానికి ముందే అనుకున్నారా అన్నది పండితులు ఇప్పటికీ తేల్చుకోలేని తగవు. తేలకపోయినా ఒకటి ఖాయం. చంపాలన్న ఊహ మంత్రగత్తెల సంచిలోంచి రాలేదు.

కంసుడి కథ వింటూ పెరిగిన మనకు ఇక్కడ ఒక తేడా కొట్టొచ్చినట్టు కనబడాలి. దేవకి ఎనిమిదో సంతానం చేతిలో చస్తావని ఆకాశవాణి చెబితే కంసుడు చెల్లెలి జుట్టు పట్టుకుని కత్తి దూశాడు. క్రూరత్వమే, కానీ దాని వెనక ప్రాణభయం ఉంది. మాక్బెత్‌కి చెప్పింది చావు కబురు కాదు. చెడ్డ జోస్యం విని హత్యలకు దిగినవాడు కంసుడు, మంచి జోస్యం విని హత్యకు దిగినవాడు మాక్బెత్. మన పురాణాల్లో ఈ రెండో రకం వాళ్ళు వెతికినా దొరకడం కష్టం. అందుకే విధి, తలరాత అన్న మాటలతో ఈ నాటకాన్ని మన ఇంటి కథలా సర్దేసుకోవడం తేలికే గానీ సరైంది కాదు.

విధి వాదానికి షేక్స్‌పియర్ నాటకంలోనే జవాబు పెట్టాడు. ఆ జవాబు పేరు బాంక్వో. ఒకే చోట, ఒకే నిమిషంలో, అవే నోళ్ళతో ఇద్దరికీ జోస్యం చెప్పారు. నువ్వు రాజువు కావు గానీ నీ సంతతి రాజులవుతారన్నారు బాంక్వోతో. అతనూ మానవమాత్రుడే. ఆ ముగ్గురినీ కలగంటాడు, నిద్రలో పాడు ఆలోచనలు రాకుండా చూడమని దేవతలను వేడుకుంటాడు, మాక్బెత్ దొంగదారిన రాజయ్యాడని అనుమానం వచ్చాక కూడా నోరు మెదపడు, నా జోస్యమూ ఫలించవచ్చు కదా అని లోలోపల ఆశపడతాడు. మచ్చలేని మనిషేం కాదు. కానీ ఎవరినీ చంపడు. ఆగుతాడు. ఈ నాటకంలో జోస్యాన్ని నమ్మినవాడెవడైనా ఉంటే అది బాంక్వోనే, నమ్మాడు గనకే ఊరుకున్నాడు. ఇది రాజును పొగడటానికి చేసిన మార్పు కదా అని చరిత్రకారులు అడ్డం రావచ్చు. నిజమే. షేక్స్‌పియర్‌కు ఆధారమైన హోలిన్‌షెడ్ చరిత్ర గ్రంథంలో డంకన్ హత్యలో బాంక్వో కూడా భాగస్వామి. జేమ్స్ వంశం తమ మూలపురుషుడు బాంక్వో అని చెప్పుకునేది (అసలు బాంక్వో అన్న మనిషే చరిత్రలో లేడు, పదహారో శతాబ్దపు స్కాట్లండ్ చరిత్రకారుడు హెక్టర్ బోయిస్ కల్పించిన పాత్ర). రాజుగారి ముత్తాతను హంతకుడిగా చూపించే ధైర్యం ఏ నాటకకర్తకుంటుంది? ముఖస్తుతి కోసమే కడిగి ఉండవచ్చు. అయితే కారణం ఏదైనా, ఆ కడగడంతో నాటకానికి ఒక నికార్సైన పోలిక దక్కింది. మొహమాటం కొద్దీ చేసిన మార్పు గొప్ప కళగా తేలడం షేక్స్‌పియర్ దగ్గర తరచూ జరుగుతుంది.

హోలిన్‌షెడ్ నుంచి అతను తీసేసినవి ఇంకా ఉన్నాయి. అవి చూస్తే అత్యాశ వాదం కూడా సగమే నిలుస్తుంది. చరిత్రలోని డంకన్ 1040లో పోరులో చచ్చాడు, పడకలో కాదు. మాక్బెత్ ఆ తర్వాత 1057 దాకా, పదిహేడేళ్ళు ఏలాడు. 1050లో రోమ్ యాత్రకు వెళ్ళి పేదలకు డబ్బు పంచేంత నిబ్బరంగా ఏలాడు. హోలిన్‌షెడ్ గ్రంథంలోనూ డంకన్ మెతక మనిషి, మాక్బెత్‌కి సింహాసనం మీద కాస్త న్యాయమైన హక్కు ఉంది, గద్దెనెక్కాక పదేళ్ళు మంచి చట్టాలతో పాలిస్తాడు. షేక్స్‌పియర్ ఈ మూడింటినీ కత్తిరించేశాడు. డంకన్‌ను తెల్లజుట్టు సాధువును చేశాడు. మాక్బెత్ హక్కును చెరిపేశాడు. పదేళ్ళ మంచి పాలన ఊసే ఎత్తలేదు. ఇక మిగిలిందేమిటి? రాజయ్యాక ఏం చేయాలో ఒక్క మాట కూడా చెప్పని మనిషి. నాటకమంతా వెతకండి, కిరీటం పెట్టుకుంటే కలిగే ఆనందం గురించి మాక్బెత్ నోట ఒక్క వర్ణన దొరకదు. స్కోన్‌లో జరిగిన పట్టాభిషేకం కూడా తెరవెనకే. హత్యకు ముందు గోడ పక్కన నిలబడి అతను ఏకరువు పెట్టినవన్నీ చంపకూడదనడానికి కారణాలే. చుట్టం, ప్రభువు, ఇంటికొచ్చిన అతిథి, పైగా మంచివాడు. చంపడానికి తనకున్నది ఎగిరి అవతల పడే దురాశ ఒక్కటేనని తనే ఒప్పుకుంటాడు. మోసపోయిన మనిషి ఇంత స్పష్టంగా మాట్లాడడు. కోరిక బలంగా ఉన్నవాడు కోరుకున్నదాన్ని కళ్ళముందు నిలుపుకుంటాడు. మాక్బెత్ కళ్ళముందు ఆ రాత్రి నిలిచింది గాల్లో వేలాడే కత్తి, కిరీటం కాదు.

అసలు పట్టు మూడో అంకంలో దొరుకుతుంది. రాజయ్యాడు, జోస్యం మూడింటికి మూడూ నిజమయ్యాయి. ఇప్పుడు అతన్ని తొలిచేస్తున్నది బాంక్వోకు చెప్పిన మాట. తను చేతులు మలినం చేసుకున్నది బాంక్వో పిల్లల కోసమా అని కుమిలిపోతాడు. అందుకని బాంక్వోనూ, కొడుకు ఫ్లియాన్స్‌నూ చంపడానికి మనుషులను పురమాయిస్తాడు. ఇక్కడ ఆగి ఆలోచించాలి. జోస్యం నిజమైతే బాంక్వో సంతతి రాజులు కావడం ఆగదు, చంపి ప్రయోజనం లేదు. జోస్యం ఉత్తిదైతే బాంక్వో వల్ల ముప్పే లేదు, చంపే అవసరం లేదు. నమ్మినా, నమ్మకపోయినా ఈ హత్యకు అర్థం లేదు. అర్థమున్నది ఒక్క స్థితిలోనే. తనకు అనుకూలమైన సగాన్ని ఉంచుకుని, అనుకూలం కాని సగాన్ని కొట్టేయవచ్చు అనుకునే మనిషికే. మాక్బెత్ ఆ మాట దాచుకోడు. విధినే గోదాలోకి రమ్మని, తేల్చుకుందామని సవాలు చేస్తాడు. విధికి లొంగినవాడు విధితో కుస్తీకి దిగడు. ఫ్లియాన్స్ చీకట్లో తప్పించుకుని పారిపోయాడని తెలిసినప్పుడు అతను పడ్డ గిలగిల చూడండి. విందులో ప్రభువులందరి ముందూ ఖాళీ కుర్చీలో నెత్తురోడే బాంక్వో ప్రేతాన్ని చూసి కేకలు పెట్టేది ఆ వార్త విన్న కాసేపటికే. ప్రతి సామంతుడి ఇంట్లో తన జీతగాడు ఒకడున్నాడని ఆ రాత్రే భార్యకు చెబుతాడు. భవిష్యత్తు ముందే తెలిసిన రాజుకు ఇంటింటా వేగులెందుకు?

రెండోసారి మంత్రగత్తెల దగ్గరికి వెళ్ళినప్పుడు ఇది ఇంకా బాహాటంగా బయటపడుతుంది. వాళ్ళు రప్పించిన మొదటి ఆకారం, ఫైఫ్ సామంతుడు మాక్డఫ్‌తో జాగ్రత్త అంటుంది. రెండోది, ఆడదాని కడుపున పుట్టినవాడెవడూ నిన్నేమీ చేయలేడంటుంది. మూడోది, బర్నమ్ అడవి డన్సినేన్ కొండ మీదికి నడిచి వచ్చేదాకా నీకు ఓటమి లేదంటుంది. హిరణ్యకశిపుడు అడిగి తెచ్చుకున్న వరంలా ఉంటుంది వినడానికి. కానీ హిరణ్యకశిపుడు తన వరాన్ని నమ్మాడు, నమ్మి విర్రవీగాడు. మాక్బెత్ ఏం చేస్తాడు? రెండో మాట వినగానే, అయితే మాక్డఫ్ బతకనీ, వాడితో నాకేం భయం అంటాడు. మరుక్షణమే మాట మారుస్తాడు. ఎందుకైనా మంచిది, విధి దగ్గర హామీపత్రం రాయించుకుంటాను, వాడు చావాల్సిందే అంటాడు. నన్నడిగితే నాటకం తాళంచెవి ఈ రెండు వాక్యాల మధ్య ఉంది. మాక్డఫ్ అప్పటికే ఇంగ్లండ్ పారిపోయాడని తెలిశాక ఫైఫ్‌లోని అతని కోట మీదికి మనుషులను పంపి భార్యనూ పిల్లలనూ నరికిస్తాడు. ఏ జోస్యమూ వాళ్ళ పేరెత్తలేదు. వాళ్ళ చావు వల్ల సింహాసనానికి గవ్వంత లాభం లేదు. ఆ ఇంటి పసివాడు రంగస్థలం మీదే, మన కళ్ళెదుటే, తల్లిని పారిపొమ్మంటూ చచ్చిపోతాడు. డంకన్ హత్యను తెరవెనక దాచిన నాటకకర్త ఈ హత్యను దాచలేదు.

చివరి అంకంలో మాక్బెత్ ఆ హామీలను పదేపదే వల్లిస్తాడు కదా, అదైనా నమ్మకం కాదా అని అడగవచ్చు. వల్లించడం నిజమే. ప్రభువులు ఒక్కొక్కరే జారిపోతుంటే, పాలిపోయిన ముఖంతో వచ్చిన కుర్రాణ్ణి తిట్టిపోస్తూ, బర్నమ్ అడవి కదిలేదాకా నాకు భయం లేదంటాడు. కానీ ఒక చిన్న సంగతి చూడండి. కవచం తెమ్మని సీటన్ అనే అనుచరుణ్ణి అడుగుతాడు. ఇంకా ఆ అవసరం రాలేదని సీటన్ అంటాడు. అయినా తొడుక్కుంటానంటాడు. వైద్యుడితో భార్య జబ్బు గురించి మాట్లాడుతూ మధ్యలో కవచం బిగించమంటాడు, తీసేయమంటాడు, వెనకాలే పట్టుకురమ్మంటాడు. ఆడదాని కడుపున పుట్టినవాడెవడూ తాకలేడని నమ్మిన శరీరానికి ఇనుపతొడుగు దేనికి? నోరు ఒకటి చెబుతుంటే చేతులు ఇంకొకటి చెబుతున్నాయి.

ఇక అసలైన అభ్యంతరం. ఏమన్నా అనండి, జోస్యాలన్నీ నిజమయ్యాయి కదా! అయ్యాయి. ఎలా అయ్యాయో చూడాలి. బర్నమ్ అడవి నడవలేదు. తమ సంఖ్య శత్రువుకు తెలియకుండా ప్రతి సైనికుడూ ఓ కొమ్మ నరికి ముందు పట్టుకుని నడవమని మాల్కమ్ ఆజ్ఞ ఇచ్చాడు. అది యుద్ధ తంత్రం. ముట్టడి ఎన్నాళ్ళు సాగినా డన్సినేన్ కోట తట్టుకుంటుందని, ఆకలీ జ్వరాలే శత్రువును తినేస్తాయని మాక్బెత్ వేసిన లెక్క సరైందే. అడవి కదులుతోందన్న కబురు వినగానే లెక్క వదిలేసి కోట బయటికి వచ్చాడు, చచ్చాడు. మాక్డఫ్ తల్లి కడుపు కోసి తీసిన బిడ్డ అన్నది నిజమే, కానీ ఆ బిడ్డ పెద్దవాడై రణరంగంలో ఇంకెవరినీ తాకకుండా మాక్బెత్ కోసమే వెతకడానికి కారణం ఫైఫ్‌లో చిందిన నెత్తురు. మాక్డఫ్‌తో జాగ్రత్త అన్న మాటకు ప్రాణం పోసింది మాక్బెత్ పంపిన హంతకులే. బాంక్వో వంశం రాజ్యమేలుతుందన్నదాని సంగతి ఇంకా చమత్కారం. తొలి ప్రేక్షకులకు అది భవిష్యత్తే కాదు, తమ సొంత రాజు గురించి చెప్పుకుంటున్న గతం. జరిగినదాన్ని వెనక్కి తీసుకెళ్ళి జోస్యంగా చెప్పించడం కన్నా తేలికైన పని నాటకకర్తకు ఉండదు. ఏదైనా నిజమైందంటే దాన్ని చెప్పినవాళ్ళే చేయించారని కాదు.

లేడీ మాక్బెత్ మాటేమిటి? ఆమె లేకపోతే ఆ రాత్రి ఆ పని జరిగేది కాదన్నది నేను ఒప్పుకుంటాను. ఇక ముందుకు పోవద్దని మాక్బెత్ తేల్చి చెప్పాక పౌరుషం మీద కొట్టి మళ్ళీ లేపింది ఆమే. కత్తులు తిరిగి గదిలో పెట్టి కాపలావాళ్ళకు నెత్తురు పూసింది ఆమే. కానీ ఆమె రాజ్యం ఆ రాత్రితోనే అయిపోతుంది. మర్నాడు ఉదయం కాపలావాళ్ళను నరికేయడం మాక్బెత్ సొంత ఆలోచన. బాంక్వో హత్య గురించి ఆమె అడిగితే, నీకు తెలియకుండా ఉండటమే మంచిది అని మాట దాటేస్తాడు. మాక్డఫ్ భార్య సంగతి ఆమెకు ఎప్పుడు తెలిసిందో గానీ, నిద్రలో నడుస్తూ ఫైఫ్ సామంతుడి భార్య ఇప్పుడెక్కడని అడుగుతుంది. పడుకున్న డంకన్ తన తండ్రిలా కనబడకపోయి ఉంటే తనే పొడిచేదాన్నని చెప్పిన మనిషి ఆమె. ఆమె ఒక్క హత్యకు సిద్ధపడింది, అదీ ఒక్కసారితో అయిపోతుందనుకుని. అన్నీ ఆడదాని నెత్తిన రుద్దడం మనకు ఆనవాయితీ గనక ఈ వాదనకు ఆయుష్షు ఎక్కువ.

అయితే జోస్యం దేనికి? అది లేకపోయినా కథ నడుస్తుందని మన పొరుగువాళ్ళే నిరూపించారు. 2021లో దిలీష్ పోతన్ తీసిన మలయాళ సినిమా ‘జోజి’లో మంత్రగత్తెలు లేరు, జోస్యం లేదు; కేరళలోని ఓ తోటల కుటుంబం, మంచానపడ్డ తండ్రి, మాత్రలు మార్చేసే చిన్న కొడుకు, అంతే. ఆ కొడుకుగా వేసిన ఫహద్ ఫాసిల్ ముఖంలో మాక్బెత్ తెలిసిపోతూనే ఉంటాడు. విశాల్ భరద్వాజ్ 2003లో తీసిన ‘మక్బూల్’ ఇంకో చివరికి వెళ్ళింది. ముంబై మాఫియా మధ్య జాతకచక్రాలు గీసే ఇద్దరు పోలీసులే ఆ సినిమాలో మంత్రగత్తెలు. ఓం పురి, నసీరుద్దీన్ షా వేసిన ఆ పాత్రలు జోస్యం చెప్పి ఊరుకోవు, అది నిజమయ్యేలా తెరవెనక పావులు కదుపుతాయి. నా మటుకు నాకు ‘మక్బూల్’ గొప్ప సినిమానే, కానీ జోస్యం చెప్పినవాళ్ళే జరిపించేసరికి హంతకుడి బరువు కొంత తగ్గిపోయింది. షేక్స్‌పియర్ ఆ బరువు తగ్గనివ్వడు. జోస్యం మాక్బెత్‌కి చేసిన ఉపకారం ఒక్కటే. చేయబోయేదాన్ని ముందే జరిగిపోయినదానిలా కనబడనిచ్చింది. చంపాలా వద్దా అన్న ప్రశ్నను ఎప్పుడు అన్న ప్రశ్నగా మార్చింది.

మంత్రగత్తెల రెండర్థాల మాటలకు ఆ కాలంలోనే ఒక నేపథ్యం ఉంది. 1605 నవంబరు 5న లండన్‌లో పార్లమెంటును పేల్చే కుట్రలో, దాని కింద 36 పీపాల తుపాకిమందుతో గై ఫాక్స్ పట్టుబడ్డాడు. ఆ కుట్రకు సంబంధించి మరుసటి ఏడాది విచారణకొచ్చిన హెన్రీ గార్నెట్ అనే మతగురువు, అబద్ధం ఆడకుండానే నిజం దాచే రెండర్థాల మాటలను సమర్థించినందుకు ఊరంతా నోళ్ళలో నలిగాడు, ఉరికంబమెక్కాడు. డంకన్ హత్య జరిగిన తెల్లవారుజామున తలుపు తీయడానికి తూలుతూ వచ్చే తాగుబోతు కాపలావాడు, తను నరకానికి ద్వారపాలకుణ్ణని ఊహించుకుని, అటువంటి రెండు నాల్కల మనిషిని లోపలికి ఆహ్వానిస్తాడు. ఆనాటి ప్రేక్షకులు పగలబడి నవ్వి ఉంటారు. చివరికి మాక్బెత్ కూడా తనను ఆ దయ్యాలు రెండర్థాల మాటలతో మోసం చేశాయని వాపోతాడు. ఎప్పుడు? మాక్డఫ్ పుట్టుక గురించి విన్నాక. దేని గురించి? తన రక్షణకిచ్చిన హామీ గురించి మాత్రమే. డంకన్‌ను వాళ్ళే చంపించారని అతను ఎన్నడూ అనడు. నాలుగు శతాబ్దాలుగా మనం అతని తరఫున చేస్తున్న ఆ వాదనను అతనే తన తరఫున చేసుకోలేదు. హామీలన్నీ పోయాక, లొంగిపొమ్మంటే లొంగకుండా, ఓడిపోతానని తెలిసి మొదటిసారి ఏ జోస్యమూ అండ లేకుండా కత్తి పట్టుకుని నిలబడతాడు. అది గొప్పతనమని నేననను. ఆ పూట అతని మాటకూ చేతికీ మధ్య తేడా లేదు, అంతే.

ఈ నాటకం షేక్స్‌పియర్ విషాదాంతాల్లోకెల్లా చిన్నది, ‘హామ్లెట్’లో ఇంచుమించు సగం. అయినా వేసే ప్రతివాళ్ళూ ఇంకా కోస్తూనే ఉంటారు. తెలుగులో దీన్ని వేయదలచుకున్న బృందాలకు ఒక మనవి. కోయక తప్పకపోతే మూడో అంకంలో మంత్రగత్తెల అధిదేవత హెకటి వచ్చే రంగం కోసేయండి. అది థామస్ మిడిల్టన్ తర్వాత చేర్చిందని చాలామంది పండితుల అభిప్రాయం, తీసేసినా నష్టం లేదు. తొలి అంకంలో డంకన్ కాడర్ బిరుదును ఇచ్చేసే ఆ రెండో రంగం జోలికి మాత్రం వెళ్ళకండి. అది పోతే మంత్రగత్తెలకు లేని శక్తిని మీరే ఇచ్చినవాళ్ళవుతారు.